సూపర్‌ఛార్జర్ అడాప్టర్ కొనేముందు కారు మూత తీసి చూడండి

కొత్తగా అమెరికా వచ్చినవాళ్లు ఈమధ్య తరచూ అడుగుతున్న సందేహం ఇది. "యూజ్డ్ ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాం అన్నా, అమ్మానాన్న వచ్చారు, లాంగ్ వీకెండ్‌కి పిట్స్‌బర్గ్ గుడికి తీసుకెళ్దామనుకుంటున్నాం, టెస్లా ఛార్జర్‌కి పెట్టుకునే అడాప్టర్ ఆన్‌లైన్‌లో అరవై డాలర్లకే కనిపించింది, కొనేయమంటావా?"

వద్దు. అరవైకి దొరికేది మీరనుకుంటున్నట్టు సూపర్‌ఛార్జర్‌కి, అంటే టెస్లావాళ్ల ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్‌కి, పనికొచ్చే అడాప్టర్ అయ్యే అవకాశం చాలా తక్కువ. ముందు కిందకెళ్లి కారు ఛార్జింగ్ మూత తీసి చూడండి, తర్వాత డబ్బుల సంగతి మాట్లాడుకుందాం.

మూత కింద పైన గుండ్రటి సాకెట్, దాని కింద రెండు పెద్ద రంధ్రాలు ఉంటే మీది సీసీఎస్ అనే రకం ప్లగ్. 2024 దాకా అమ్మిన ఫోర్డ్, షెవ్రొలే, హ్యుందాయ్, కియా, ఫోక్స్‌వాగన్, బీఎండబ్ల్యూ ఎలక్ట్రిక్ కార్లలో దాదాపు అన్నిటికీ ఇదే. చిన్నగా, నున్నగా ఒకే సాకెట్ ఉంటే అది టెస్లావాళ్ల ప్లగ్, పేరు నాక్స్. పాత నిస్సాన్ లీఫ్ అయితే పక్కపక్కనే రెండు సాకెట్లుంటాయి, పెద్దది చాడెమో అనే ఇంకో రకం ఫాస్ట్ ఛార్జింగ్ ప్లగ్. చాడెమో కారుతో లాంగ్ డ్రైవ్‌కి వెళ్లొద్దనే చెప్తాను, ఆ ప్లగ్‌లు తగ్గిపోతున్నాయి, పైగా ఆ కారు బ్యాటరీకి సరైన కూలింగ్ లేదు, ఒకే రోజు రెండు మూడుసార్లు ఫాస్ట్ ఛార్జింగ్ చేస్తే వేగం పడిపోతుంది. ఊళ్లో ఆఫీసుకి తిరగడానికి మాత్రం బంగారం లాంటి కారు.

కాస్త వెనక కథ తెలిస్తే గందరగోళం తగ్గుతుంది. టెస్లా తన ప్లగ్‌ని 2022 నవంబర్‌లో అందరూ వాడుకోవచ్చని బయటపెట్టింది. 2023 మేలో ఫోర్డ్, జూన్‌లో జీఎం (షెవ్రొలే కార్లు చేసే కంపెనీ) మేమూ అదే వాడతాం అన్నాయి, ఆ తర్వాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. 2024 ఫిబ్రవరిలో ఫోర్డ్ కార్లకి సూపర్‌ఛార్జర్ల తలుపులు తెరుచుకున్నాయి, అదే ఏడాది సెప్టెంబర్‌లో జీఎం కార్లకి, తర్వాత ఒక్కొక్కరికీ. అంటే మనం సరిగ్గా మారే కాలంలో ఉన్నాం, రోడ్డు మీద రెండు రకాల ప్లగ్‌లూ ఉన్నాయి, అందుకే ఈ అడాప్టర్ల గోల. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది, అడాప్టర్ ఉన్నంత మాత్రాన సరిపోదు. ఛార్జర్‌కీ కారుకీ మధ్య సాఫ్ట్‌వేర్ మాటలు నడవాలి, మీ కారు కంపెనీకి టెస్లాతో ఒప్పందం ఉండి, మీ మోడల్ ఆ జాబితాలో ఉండాలి. కొన్ని మోడళ్లకి ముందు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా కావాలి. ఇది కంపెనీ సైట్‌లో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇప్పుడు ఆ అరవై డాలర్ల సంగతి. అడాప్టర్లలో ఏసీ వేరు, డీసీ వేరు. ఏసీది హోటళ్లలో, కొన్ని అపార్ట్‌మెంట్లలో కనిపించే టెస్లా వాల్ ఛార్జర్‌కి మీ కారుని కలుపుతుంది, రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి నిండుతుంది. డీసీదే సూపర్‌ఛార్జర్‌కి పనికొచ్చేది. టెస్లా ప్లగ్‌లో ఏసీకీ డీసీకీ అవే పిన్నులు కాబట్టి చవక ఏసీ అడాప్టర్ కూడా సూపర్‌ఛార్జర్ ప్లగ్‌కి బిగుసుకున్నట్టే ఉంటుంది, కానీ ఛార్జింగ్ రాదు. గుర్తుపట్టడం తేలికే, కారువైపు కింద రెండు లావు పిన్నులుంటే డీసీ, ఉత్త గుండ్రటి ముఖం ఉంటే ఏసీ. పేరులో "టెస్లా అడాప్టర్" అని రెండింటికీ రాస్తారు, ఫోటో జూమ్ చేసి చూడండి.

డీసీది కార్ల కంపెనీల దగ్గర 200 డాలర్లకి అటూ ఇటూ ఉంటుంది. కొన్ని కంపెనీలు ఉచితంగానూ ఇచ్చాయి, మీరు సెకండ్ హ్యాండ్‌లో కొన్నట్టయితే పాత ఓనర్ దగ్గర అది ఉండిపోయిందేమో అడగండి, బేరంలో అదీ కలపమనండి. బయటి కంపెనీది కొనాలంటే యూఎల్ 2252 సర్టిఫికేషన్ ఉందో లేదో చూడండి. అడాప్టర్ల భద్రత కోసమే పెట్టిన ప్రమాణం అది. "యూఎల్ ప్రమాణాలకి తగ్గట్టు తయారైంది" అని రాయడం వేరు, సర్టిఫై అవడం వేరు, అమ్మేవాళ్లు మొదటిదాన్ని రెండోదిలా రాస్తారు. పెద్ద కార్ల ఫాస్ట్ ఛార్జింగ్‌లో వందల ఆంపియర్ల కరెంటు ఆ చిన్న ముక్క గుండా పోతుంది. ఎక్కడైనా పట్టు వదులైతే అక్కడ వేడి పుడుతుంది, అదీ కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలవుతుంది. మంచి అడాప్టర్‌లో వేడిని పసిగట్టే సెన్సర్, ఛార్జింగ్ నడుస్తుండగా ఊడిరాకుండా లాక్ ఉంటాయి, చవక దాంట్లో మొదట కోసేసేది వాటినే. పెద్ద కంపెనీలకీ ఇది తేలిక వ్యవహారం కాదు, 2024 అక్టోబర్‌లో ఫోర్డ్ తాను పంపిన అడాప్టర్లలో కొన్నిటిని వాడొద్దని చెప్పి వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చింది. కాబట్టి మీరు కొన్నది పాతదైతే సీరియల్ నంబర్ పెట్టి రీకాల్ ఉందేమో ఒకసారి చూసుకోండి. ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు, అడాప్టర్‌కి ఇంకో అడాప్టర్ తగిలించడం లాంటివి డీసీలో అసలు చెయ్యొద్దు. కారు మాన్యువల్ కూడా చదవండి, కొన్ని కంపెనీలు తాము ఇచ్చిన అడాప్టరే వాడమంటాయి, రేపు పోర్ట్ పాడైతే వారంటీ దగ్గర ఆ మాటే ఎత్తుతారు.

అడాప్టర్ మీ కారు వేగాన్ని పెంచదు. ఇది చాలామంది తలకెక్కించుకోరు. యూజ్డ్ షెవ్రొలే బోల్ట్ చవగ్గా వస్తోందని మనవాళ్లు బాగా కొంటున్నారు, మంచిదే, కానీ దానికి ఫాస్ట్ ఛార్జింగ్ 55 కిలోవాట్ల దగ్గర ఆగిపోతుంది, 250 కిలోవాట్ల సూపర్‌ఛార్జర్‌లో పెట్టినా అంతే. గంట సేపు కూర్చోవాలి. ఇంకో వైపు హ్యుందాయ్ అయానిక్ 5, కియా ఈవీ6 లాంటివి 800 వోల్టుల కార్లు, 350 కిలోవాట్ల సీసీఎస్ స్టేషన్‌లో 10 నుంచి 80 శాతానికి ఇరవై నిమిషాల్లోపే వెళ్తాయి. అవే కార్లు ఇప్పుడెక్కువగా ఉన్న మూడో తరం సూపర్‌ఛార్జర్‌లో నెమ్మదిస్తాయి, ఎందుకంటే అది 500 వోల్టులు దాటి ఇవ్వలేదు, కారే తన లోపల వోల్టేజీ పెంచుకోవాలి, అరగంట పడుతుంది. ఈ కార్లవాళ్లకి నా సలహా, దారిలో పనిచేసే 350 కిలోవాట్ల స్టేషన్ ఉంటే అక్కడికే వెళ్లండి, సూపర్‌ఛార్జర్‌ని రెండో దారిగా పెట్టుకోండి. ఫోర్డ్, జీఎం 400 వోల్టుల కార్లవాళ్లకి మాత్రం సూపర్‌ఛార్జరే సుఖం, ఒకే చోట ఎక్కువ స్టాళ్లు (ఒక్కో కారు పెట్టుకునే చోట్లు) ఉంటాయి, చెడిపోయినవి తక్కువ.

కొత్త కార్లు తీసుకుంటే కథ తిరగబడుతుంది. 2025 మోడల్ నుంచి అయానిక్ 5కి నాక్స్ పోర్టే వస్తోంది, దానికి పాత సీసీఎస్ స్టేషన్ల కోసం అడాప్టర్ కావాలి, కారుతో ఇస్తారు. 2026 లీఫ్ మరీ విచిత్రం, ఇంట్లో నెమ్మది ఛార్జింగ్‌కి ఒక వైపు పాతరకం జే1772 పోర్ట్, ఫాస్ట్ ఛార్జింగ్‌కి ఇంకో వైపు నాక్స్ పోర్ట్. టెస్లా కొన్నవాళ్లు కూడా సీసీఎస్ అడాప్టర్ ఒకటి ఉంచుకుంటే మంచిదే, కాకపోతే కొన్ని పాత టెస్లాలకి లోపల ఆ సదుపాయం ఉండదు, స్క్రీన్‌లో సాఫ్ట్‌వేర్ అన్న చోట వాహనం అదనపు వివరాలు తెరిస్తే సీసీఎస్ సపోర్ట్ ఉందో లేదో రాసుంటుంది. (పన్ను క్రెడిట్ అడుగుతారు కదా, కొత్త కారుకి 7,500 డాలర్ల దాకా, పాత కారుకి 4,000 డాలర్ల దాకా ఇచ్చే ఫెడరల్ క్రెడిట్లు 2025 సెప్టెంబర్ 30తో అయిపోయాయి. పాత వీడియోలు చూసి లెక్కలు వేసుకోకండి.)

స్టేషన్ విషయానికొస్తే, అన్ని సూపర్‌ఛార్జర్లూ మనకి తెరిచి ఉండవు. 150 కిలోవాట్లు అని రాసున్న పాత రెండో తరంవి అడాప్టర్‌తో పనిచెయ్యవు. టెస్లా యాప్‌లో వేరే కంపెనీ కారుకి ఛార్జింగ్ అన్న విభాగం ఉంది, దాంట్లో కనిపించేవే మనవి. గూగుల్ మ్యాప్‌లో కనిపించిందని ఎగ్జిట్ తీసుకోకండి. ప్లగ్‌షేర్ అనే యాప్‌లో ఆ స్టేషన్ గురించి నిన్నా మొన్నా వెళ్లినవాళ్లు రాసిన మాటలుంటాయి, బయల్దేరేముందు అవి చదవండి, ఏ స్టాల్ పాడైందో కూడా చెప్తారు.

యాప్ ఇంట్లోనే వేసుకుని, కార్డు ఎక్కించి, ఊళ్లో ఏదైనా సూపర్‌ఛార్జర్‌కి వెళ్లి పది నిమిషాలు పెట్టి చూడండి. దీన్ని మాత్రం దాటెయ్యొద్దు. పెన్సిల్వేనియా కొండల్లో ఫోన్ సిగ్నల్ లేని చోట, ప్రీపెయిడ్ సిమ్‌తో, వెనక సీట్లో పిల్ల ఏడుస్తుంటే యాప్‌కి పాస్‌వర్డ్ గుర్తుచేసుకునే టెన్షన్ ఎవరికీ వద్దు. కొత్తగా వచ్చినవాళ్లకి క్రెడిట్ కార్డ్ ఇంకా రాకపోయి ఉండొచ్చు, ఉన్న డెబిట్ కార్డ్‌ని యాప్ తీసుకుంటుందో లేదో కూడా అప్పుడే తేలుతుంది.

పెట్టే పద్ధతి ఇది. ముందు అడాప్టర్‌ని స్టేషన్ ప్లగ్‌కి బిగించండి, క్లిక్ వినపడాలి, ఆ తర్వాత రెండూ కలిపి కారులో పెట్టండి. తీసేటప్పుడు ముందు యాప్‌లోనో కారులోనో ఆపండి, రెండూ కలిపి లాగండి, తర్వాత అడాప్టర్ విడదీయండి. ఛార్జింగ్ నడుస్తుండగా బటన్ నొక్కొద్దు. చాలా అడాప్టర్లు పోయేది చివర్లోనే, ప్లగ్‌తో పాటే స్టేషన్‌కి తగిలించేసి వెళ్లిపోతారు, అరవై మైళ్లు పోయాక గుర్తొస్తుంది. మా ఇంట్లో రూలేమిటంటే అడాప్టర్ సంచి ముందు సీట్లోనే ఉండాలి, ఖాళీ సంచి కనిపిస్తే కారు కదలదు.

టెస్లా కార్లకి పోర్ట్ వెనక ఎడమ మూలన ఉంటుంది, పాత స్టేషన్ల కేబుళ్లు ఆ కొలతకే పొట్టిగా చేశారు. మీ కారుకి ముందు ఎడమ ఫెండర్ మీదో, వెనక కుడివైపో ఉంటే పక్క స్టాల్ కేబుల్ లాక్కోవాల్సి వస్తుంది, అంటే రెండు స్టాళ్లు మీరే ఆక్రమించినట్టు. చివరి స్టాల్ దొరికితే అది తీసుకోండి. యాప్‌లో నొక్కాల్సింది మీరు కారు ఆపిన స్టాల్ నంబర్ కాదు, మీ చేతిలో ఉన్న కేబుల్ నంబర్, అది స్తంభం మీద రాసుంటుంది. ఇది చూసుకోకే సగం మంది "అడాప్టర్ పాడైంది" అని ఫోన్ చేస్తారు. రద్దీగా ఉంటే పక్కవాళ్లకి ఒక మాట చెప్పండి, ఎవరూ తిట్టరు. థాంక్స్‌గివింగ్ రోజుల్లో మాత్రం వరుస ఉంటుంది, ఛార్జింగ్ అయిపోయాక కూడా కారు అక్కడే వదిలేసి తింటూ కూర్చుంటే, స్టేషన్ నిండి ఉన్నప్పుడు నిమిషానికి డాలర్ దాకా పడుతుంది. పులిహోర డబ్బా కారులోనే విప్పండి.

ధర కూడా టెస్లా వాళ్లకన్నా మనకి యూనిట్‌కి ఎక్కువ. నెల సభ్యత్వం తీసుకుంటే వాళ్ల ధరకే వస్తుంది, ట్రిప్ ఉన్న నెలకి తీసుకుని తర్వాత ఆపేయండి.

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి పిట్స్‌బర్గ్ మూడు వందల మైళ్ల పైమాటే, ఐ-78 హైవే మీద వెళ్లి ఆ పైన పెన్సిల్వేనియా టర్న్‌పైక్ (టోల్ రోడ్డు) ఎక్కితే అలెఘెనీ కొండలు వస్తాయి, ఎక్కేటప్పుడు కారులో చూపించే మైళ్లు కళ్లముందే కరిగిపోతాయి. చలికాలమైతే ఇంకా. కాబట్టి 10 శాతానికి దిగేదాకా లాగకండి, 20 ఉండగానే ఆగండి, ఆ స్టేషన్ పనిచేయకపోతే తర్వాతదానికి చేరేంత మిగలాలి. 80 దాటాక ఛార్జింగ్ నత్తనడకే, నింపాలని కూర్చోవద్దు, బయల్దేరి, దారిలో తర్వాత వచ్చే స్టేషన్‌లో మళ్లీ పెట్టుకోవడమే త్వరగా అవుతుంది. చలిలో కారు నావిగేషన్‌లోనే స్టేషన్ పేరు పెట్టండి, చాలా కార్లు దారిలోనే బ్యాటరీని వేడిచేసుకుంటాయి, ఫోన్ మ్యాప్‌లో పెడితే కారుకి తెలియదు. పెద్దవాళ్లుంటే రెస్ట్‌రూమ్, కూర్చునే చోటు ఉన్న స్టేషన్ చూసుకోండి, కొన్ని హోటల్ వెనక పార్కింగ్ లాట్‌లో ఏమీ లేని చోట ఉంటాయి, రాత్రిపూట అమ్మానాన్నలతో అక్కడ అరగంట బాగోదు. అద్దె కారు అయితే అడాప్టర్ ఉంటుందని అనుకోవద్దు, డిక్కీ తెరిచి చూసి, లేకపోతే కౌంటర్ దగ్గరే అడగండి.

లండన్, మెల్‌బోర్న్ నుంచి కూడా కొందరు ఇదే అడుగుతున్నారు. మీకు ఇది అక్కర్లేదు, అక్కడ టెస్లా స్టేషన్లే సీసీఎస్2 ప్లగ్‌తో ఉంటాయి, వేరే కార్లకి తెరిచిన చోట నేరుగా పెట్టుకోవచ్చు. ఇండియాలోనూ కార్లకి సీసీఎస్2నే. అందుకని వెనక్కి వెళ్లిపోతూ అమెరికా అడాప్టర్‌ని సూట్‌కేసులో పెట్టుకుని విజయవాడ హైవే మీద పనికొస్తుందని ఆశపడకండి, కారు కొన్నవాళ్లకే అది కూడా ఇచ్చేయండి, బేరంలో వంద డాలర్లు కలిసొస్తాయి.