డీజిల్ ఇంకిన నేలలో గడ్డి పెంచండి, కానీ మేపకండి

డీజిల్, ఇంజిన్ ఆయిల్ కారి పాడైన నేలలో పశుగ్రాసం వేస్తే నేల బాగుపడుతుందా, ఆ గడ్డి పశువులకు వేయొచ్చా అని అడిగారు. బాగుపడుతుంది, కాకపోతే ఓపిక పట్టాలి. గడ్డి మాత్రం వేయొద్దు.

మా ఇంజిన్ షెడ్డు వెనక, మాకంటే ముందు ఆ పొలం చేసినవాళ్లు ఏళ్ల తరబడి పాత ఆయిల్ పారబోశారు. నేల నల్లగా అట్టకట్టి, నీళ్లు పోస్తే తామరాకు మీద బొట్టులా జారిపోయేవి. దున్ని, ఆరబెట్టి, పశువుల ఎరువు బాగా కలిపి మేత జొన్న, లూసర్న్ (పప్పుజాతి మేత) చల్లాం, గరిక తుంపులు నాటాం. అంచుల్లో మొలిచింది గానీ నడిమధ్య బోడిగానే ఉండిపోయింది. ఆ తర్వాత గరిక మెల్లగా లోపలికి పాకింది. ఒకసారి ఒక గరిక దుబ్బు పీకి వేళ్లకు అంటుకున్న మట్టి వాసన చూస్తే మామూలు మట్టే, జానెడు అవతల బోడి చోట పిడికెడు తీస్తే గుప్పున డీజిల్ కంపు! అదే నేల, అదే ఎండ, అదే ఎరువు, తేడా అంతా వేళ్లదే. అప్పటినుంచీ నాకు దీని మీద అనుమానం లేదు.

అయితే "మొక్క నూనెను పీల్చేస్తుంది" అని వీడియోల్లో చెప్తుంటారు చూశారా, అది వింటే నాకు ఒళ్లు మండుతుంది. మొక్క పీల్చేది చాలా తక్కువ. వేళ్లు చక్కెరలు, ఆమ్లాలు వదులుతాయి, వాటితో సూడోమోనాస్, రోడోకాకస్ లాంటి బాక్టీరియా పెరుగుతాయి, నూనెను తినేది అవి. నూనెలో ఉన్నది చాలావరకు కార్బనే, నత్రజని దాదాపు ఉండదు, అందుకని బాక్టీరియా నేలలో ఉన్న నత్రజనినే లాగేసుకుంటే పైరు పసుపు రంగుకు తిరిగిపోతుంది. లూసర్న్, బర్సీమ్ లాంటివి వేరు బుడిపెల్లో తమ నత్రజని తామే తయారు చేసుకుంటాయి కాబట్టి వాటిని గడ్డితో కలిపి వేయాలి. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి ముడిచమురు ఒలికినప్పుడు అలాస్కా తీరం రాళ్ల మీద ఎరువులు చల్లింది కూడా బాక్టీరియాకు ఈ కొరత తీర్చడానికే.

ఇక మేత సంగతి. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో జింక్, సీసం లాంటి లోహాలుంటాయి, వాటిని ఏ బాక్టీరియా తినలేదు. కొంత ఆకులోకి ఎక్కుతుంది, పైగా పశువు మేసేటప్పుడు గడ్డితో పాటు మట్టీ నోట్లోకి పోతుంది. గడ్డి పచ్చగా ఏపుగా ఉంది కదా అని గేదెను వదిలేవాళ్లను చూస్తే బాధేస్తుంది, ఆ పాలు తాగేది పిల్లలే కదా! కోసిన గడ్డిని ఆ మడిలోనే వదిలేయండి, వేరే చేనుకు ఎరువుగా కూడా తోలొద్దు. ఇంకొందరు పైన కొత్త మట్టి పోసి కప్పేస్తారు, గాలి ఆడక లోపలి నూనె అలాగే ఏళ్లు ఉండిపోతుంది.

కంపు పోయింది కదా అని పని అయిపోయిందనుకోకండి. ముందు పోయేది తేలిక భాగం, తారులాంటి బరువైనది చాలాకాలం ఉంటుంది, అది ల్యాబ్‌లో మట్టి పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. వేరు దిగని లోతుకు నూనె దిగిపోతే గడ్డి ఏమీ చేయలేదు, కాబట్టి దగ్గర్లో బావి గానీ బోరు గానీ ఉంటే విత్తనం కొనేముందు ఆ నీళ్లు పరీక్షకు పంపండి.