బైపాస్ గ్రాఫ్ట్ మూసుకుపోతే లేజర్ సరిపోతుందా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 68. పన్నెండేళ్ల కిందట బైపాస్ చేశారు. ఈమధ్య కాస్త వేగంగా నడిస్తే ఛాతీ పట్టేస్తోంది. కాలి సిరతో వేసిన గ్రాఫ్ట్‌లో (బ్లాకును దాటించే కొత్త దారిలో) గతంలో పెట్టిన స్టెంట్ లోపల మళ్లీ పూడిక పెరిగిందని యాంజియోగ్రామ్‌లో తేలింది. లేజర్ చేయిస్తే స్టెంట్ గొడవ ఉండదని బంధువులు అంటున్నారు. నిజమేనా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లేజర్ అనగానే అదేదో అన్నిటికన్నా గొప్ప చికిత్స అన్న మోజు ఉంది. నిజానికి అది దారి చేసే పనిముట్టు మాత్రమే. ఆ తర్వాత నాళాన్ని వెడల్పు చేసే బెలూన్, అవసరాన్ని బట్టి స్టెంట్ ఎలాగూ ఉంటాయి. మీ నాన్నగారిలా పాత స్టెంట్ లోపలే పూడుకుపోయినప్పుడు మందు పూసిన బెలూన్‌తో సరిపెట్టే వీలుండొచ్చు.

గుండె రక్తనాళాల్లో వాడేది ఎక్సైమర్ లేజర్. ఇది 308 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. మణికట్టు లేదా తొడ దగ్గర నుంచి సన్నని తీగ మీదుగా కాథెటర్ (సన్నని గొట్టం) పంపి, పూడికకు ఆనించి ఆ కాంతిని చిన్న చిన్న పల్స్‌లుగా వదులుతారు. కాంతి కణజాలంలోకి పోయేది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతే. అందుకే మంట పెట్టినట్టు కాల్చేయదు, పూడికను పొరలు పొరలుగా కరిగిస్తుంది. ఆ సమయంలో సెలైన్ ఎక్కిస్తూనే ఉంటారు. రక్తం, కాంట్రాస్ట్ మందు (నాళాలు ఎక్స్‌రేలో కనిపించేందుకు ఎక్కించేది) అక్కడే ఉంటే బుడగలు పేలి నాళం గోడ చీలే ప్రమాదం ఉంది.

అమెరికాలో దీనికి 1992లోనే అనుమతి వచ్చింది. కానీ మామూలు బ్లాకుల్లో బెలూన్ కన్నా మెరుగని ఆనాటి పరీక్షల్లో తేలలేదు. అందుకే ఇప్పుడు ఎంచుకున్న కేసులకే వాడుతున్నారు: తీగ దాటినా బెలూన్ దూరని చోట, సరిగా విచ్చుకోని స్టెంట్, స్టెంట్ లోపలి పూడిక, రక్తపు గడ్డలున్న సిర గ్రాఫ్ట్. సున్నం బాగా గట్టిపడిన చోట రోటాబ్లేషన్ (గిర్రున తిరిగే సన్నని డ్రిల్), షాక్‌వేవ్ బెలూన్ (తరంగాలతో సున్నాన్ని పగలగొట్టేది) లాంటివే ఎక్కువ పనికొస్తాయి.

మీరు ముందు అడగాల్సింది వేరే ఉంది. కాలి సిర గ్రాఫ్ట్‌లలో దాదాపు సగం పదేళ్లకల్లా దెబ్బతింటాయి. వాటిని తెరిచేటప్పుడు గడ్డల ముక్కలు కిందికి జారి గుండెపోటు తెచ్చే ముప్పూ ఉంది. కాబట్టి ఆ గ్రాఫ్ట్‌నే బాగుచేయాలా, వీలైతే బైపాస్‌కు ముందు మూసుకుపోయిన గుండె సొంత ధమనినే తెరవాలా అని డాక్టర్‌ను అడగండి. వెళ్లేటప్పుడు పాత బైపాస్ కాగితాలు, యాంజియో సీడీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు తీసుకెళ్లండి.

రక్తం పలచబరిచే మాత్రలు సొంతంగా ఆపకండి. కూర్చున్నప్పుడు కూడా నొప్పి వచ్చి పది పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.