ఫెనిటాయిన్ రిపోర్టు నార్మల్, మరి మనిషి ఎందుకు తూలుతున్నాడు?

మీ ప్రశ్న ఇదీ: తిరుపతిలో ఉన్న మీ నాయన ఫిట్స్‌కు రోజూ 300 మి.గ్రా. ఫెనిటాయిన్ వాడుతున్నారు. రక్తంలో మందు 11 వచ్చింది, 10–20 మధ్యే ఉంది కాబట్టి నార్మల్ అన్నారు. అయినా నడిస్తే తూలుతున్నారు, పక్కకు చూస్తే కనుగుడ్లు అదురుతున్నాయి. మూత్రంలో ప్రొటీన్ పోతోంది, రక్తంలో ఉండే ప్రొటీన్ ఆల్బుమిన్ 2.0.

ఆ 11ను అట్లాగే నమ్మొద్దండీ. ల్యాబు తప్పేం లేదు. అది కొలిచింది మొత్తం మందును, పనిచేసే మందును కాదు.

ఫెనిటాయిన్‌లో దాదాపు 90 శాతం ఆల్బుమిన్‌కు అతుక్కుని తిరుగుతుంది. మెదడుకు చేరేది విడిగా ఉన్న 10 శాతమే. కొండ మీద కంపార్టుమెంట్ల లెక్క అనుకోండి: లోపల కూర్చున్నోళ్లకు దర్శనం లేదు, లైన్లోకి వదిలినోళ్లకే. కంపార్టుమెంట్లు సగమైతే మొత్తం జనం తక్కువున్నా లైన్లో తోపులాట తగ్గదు. ఆల్బుమిన్ మామూలుగా 3.5–5 ఉండాలి, మీ నాయనకు 2.

దీనికి షైనర్–టోజర్ సూత్రం ఉంది. ఆల్బుమిన్‌ను 0.2తో గుణించి 0.1 కలపండి: 0.5. దాంతో 11ను భాగిస్తే 22. అంటే ఆల్బుమిన్ సరిగ్గా ఉన్న మనిషిలో 22తో సమానం. 20 దాటాక కళ్లు అదురుతాయి, ఇంకా పెరిగితే నడక తప్పుతుంది. కిడ్నీలు బాగా దెబ్బతిని డయాలిసిస్ దాకా వచ్చి ఉంటే 0.2 బదులు 0.1 వేయాలి, అప్పుడు అదే 11 దాదాపు 37 అవుతుంది! అందుకే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా ఈ లెక్క ముగించకూడదు. ఇంకో పొరపాటు యూనిట్లది. ఆల్బుమిన్ డెసిలీటరుకు గ్రాముల్లో ఉండాలి. లీటరుకు 20 అని రాసుంటే దాన్ని 2గా మార్చుకోవాలి.

ఫెనిటాయిన్‌తో పాటు వాల్‌ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందు కూడా వాడుతుంటే ఈ సూత్రం పనికిరాదు. వాల్‌ప్రోయేట్ దాన్ని ఆల్బుమిన్ నుంచి తోసేస్తుంది, పైగా లివర్‌లో కరగనివ్వదు. ఒక్క తోయడమే అయితే పెద్ద భయం లేదు, విడిపడిన మందును లివర్ త్వరగానే తీసేస్తుంది. పుస్తకాల్లో ఈ తోపుడుకు ఇచ్చినంత విలువ నేనివ్వను. తోయడం, కరగనివ్వకపోవడం రెండూ కలిస్తేనే ముప్పు. అప్పుడు విడిగా ఉన్న మందునే కొలిచే ‘ఫ్రీ ఫెనిటాయిన్’ పరీక్షే దారి, అది 1–2 మధ్య ఉండాలి. ఇది అన్ని ల్యాబుల్లో చేయరు, ముందే అడగండి. రక్తం పొద్దున మాత్ర వేయకముందు ఇవ్వాలి, ఆల్బుమిన్ కూడా అదే రోజు చూడాలి.

మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, ఆగకుండా ఫిట్స్ రావచ్చు. ఈ లెక్కను ఒకట్రెండు రోజుల్లోనే న్యూరాలజిస్టుకు చూపించండి. ఆయన తగ్గించినా కొంచెం కొంచెంగానే తగ్గిస్తారు. లివర్‌లో ఈ మందును కరిగించే ఎంజైము త్వరగా నిండిపోతుంది, అందుకే 300ను 400 చేస్తే రక్తంలో మందు మూడో వంతు పెరిగి ఆగదు, రెట్టింపు కూడా కావచ్చు. తగ్గించినప్పుడూ అంతే, లెక్కకు మించి పడిపోతుంది. 50 మి.గ్రా. మాత్రలు దొరుకుతాయి కాబట్టి చిన్న మార్పు కష్టం కాదు. మళ్లీ పరీక్ష రెండు మూడు వారాలకు. అంతకుముందు చేయిస్తే మందు ఇంకా కుదురుకోని అంకెలే వస్తాయి.