చెక్ లైట్ వెలిగితే సెన్సర్ మార్చేయడమేనా?

ప్రశ్న: మాది 2013 చివర్లో కొన్న పెట్రోల్ కారు. రైల్వే గేటు దగ్గర ఆగితే బండి ఊగిపోతోంది, మిస్సింగ్ కొడుతోంది. పరుగులో ఉంటే బాగానే ఉంటుంది. చెక్ లైట్ వెలిగింది. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో కోడ్ చదివే బ్లూటూత్ డాంగిల్ పెట్టి చూస్తే పీ0171 అని వచ్చింది. యాప్ ఆక్సిజన్ సెన్సర్ మార్చమంటోంది. మార్చాలా? (కావలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మార్చకండి. ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి ఇదే ప్రశ్న పదే పదే వస్తోంది. చాలామంది అప్పటికే సెన్సర్ కొనేసి, బండి అలాగే ఊగుతుంటే రాస్తున్నారు. పీ0171 అంటే గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదని. అంతే. ఆ సంగతి పట్టిచ్చిందే ఆక్సిజన్ సెన్సర్. కోడ్ పక్కన పార్టు పేరు, దాని కింద ‘కొనండి’ బటన్ పెట్టే యాప్‌లు జనం డబ్బు వృథా చేయిస్తున్నాయి.

అదే యాప్‌లో లైవ్ డేటా తెరవండి. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్‌లను (కారు కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకెలు) కలిపి చూడండి. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఆడుతున్నప్పుడు, ప్లస్ 20 శాతం దాటి, 2,500 ఆర్‌పీఎం దగ్గర 5 శాతం లోపుకు దిగిందంటే ఎక్కడో లీకు నుంచి దొంగగాలి దూరుతున్నట్టే. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి చిన్న చిల్లయినా తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రేజ్ చేసేకొద్దీ ట్రిమ్ పెరిగితే మాత్రం ఫ్యూయల్ పంపునో, ఫిల్టర్‌నో, మురికి పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సర్‌నో (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) చూడాలి.

మన చిన్న కార్లలో చాలావాటికి ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉండదు, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. వాటిలో లీకున్నా ట్రిమ్ పెద్దగా కదలకపోవచ్చు, ఐడిలే పెరుగుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి చూడండి. మనది సముద్రపు ఒడ్డు కాబట్టి మ్యాప్ రీడింగ్ 100 కిలోపాస్కల్స్ దరిదాపుల్లో ఉండాలి. ఐడిల్‌లో 30 నుంచి 40. అది 50 దాటితే అనుమానించండి.

లీకు కోసం మొదట చూడాల్సింది పీసీవీ గొట్టం, అంటే ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి గాలి దారిలోకి పంపేది. పైనుంచి నల్లగా, నిగనిగలాడుతూ కనిపిస్తుంది. వంపు దగ్గర వేళ్లతో వంచితే అడుగున చీలిక నోరు తెరుస్తుంది. అక్కడ ఏమీ లేకపోతే మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్, ఇంజెక్టర్ ఓ-రింగులు, తెరుచుకునే ఉండిపోయిన పర్జ్ వాల్వ్ (పెట్రోలు ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది) చూడండి. కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి వెతికే పద్ధతి వద్దు, వేడి సైలెన్సర్ పైపు మీద పడితే మంట లేస్తుంది. ఒక్కో రబ్బరు గొట్టాన్నీ గుడ్డ చుట్టిన ప్లయర్‌తో నొక్కిపట్టండి. ఏది నొక్కితే ఐడిల్ మారుతుందో ఆ దారి వెంట వెతకండి. దొరక్కపోతే స్మోక్ టెస్ట్ (గాలి దారిలోకి పొగ పంపి లీకు పట్టడం) చేసే గ్యారేజీకే వెళ్లండి.

ఇంజిన్ వ్యాక్యూమ్‌తో పెడల్‌ను తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌లోనూ లీకు ఉండొచ్చు, దాన్ని మాత్రం ఈరోజే చూసుకోండి. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోయినా, బుస్సుమన్నా బండి బయటికి తీయకండి.

ఇక ఆ డాంగిల్. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారుపెట్టింది అదే. దాన్ని పోర్టులోనే వదిలేస్తున్నారా? ఆ సాకెట్‌లో 16వ పిన్నుకు కీ తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. అంటే రాత్రంతా డాంగిల్ మేలుకునే ఉంటుంది. చౌక రకాలకు బ్లూటూత్ పాస్‌కోడ్ 1234 లేదా 0000. వైఫై రకాల్లో చాలావాటికి పాస్‌వర్డే ఉండదు. కారు లోపలి నెట్‌వర్క్‌కు వెళ్లే తలుపుకు తాళం పెట్టకుండా అమ్మడం నిర్లక్ష్యం కాక మరేమిటి? 2015లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు, పోర్టుకు తగిలించిన ఒక సిమ్ డాంగిల్‌కు ఎస్ఎంఎస్‌లు పంపి, నెమ్మదిగా వెళ్తున్న కారు బ్రేకులు పనిచేయకుండా చేసి చూపించారు. మీ దాంట్లో సిమ్ లేదు కాబట్టి దగ్గరికి వచ్చినవాడికే అందుతుంది. అయినా చూడటం అయిపోగానే పీకేయండి.

యాప్‌ను వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ నుంచి వేసుకుని ఉంటే తీసేసి, ప్లే స్టోర్ నుంచి వేసుకోండి. పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ వెతకడానికి లొకేషన్ అడగడం మామూలే. కాంటాక్టులు, ఎస్ఎంఎస్‌లు అడిగితే ఇవ్వకండి. ఇంజిన్ కోడ్ చదవడానికి మీ ఓటీపీలతో దానికేం పని?