ఇంటి వర్క్‌షాప్‌లో పని చేసుకుంటూ రేడియో, పాటలు వినొచ్చా?

మీరు మూడు విషయాలు అడిగారు: చెక్కపని చేస్తూ పాటలు వినడం మంచిదేనా, అందుకు మామూలు ఇయర్‌బడ్స్ సరిపోతాయా, మెషీన్ ఆన్ చేయగానే రేడియో గరగరలాడుతుంటే ఏం చేయాలి. నేను చాలా ఏళ్లుగా ఇంటి వెనక షెడ్డులో చెక్కపని, అప్పుడప్పుడు కాస్త ఇనుప పని చేసుకుంటున్నాను. రేడియో పెట్టని రోజు దాదాపు ఉండదు. కాబట్టి వినొద్దని చెప్పను. మెషీన్ తిరుగుతున్నంతసేపు మాత్రం వద్దంటాను.

ఎందుకంటే మెషీన్‌లో తేడా వస్తే ముందు తెలిసేది చెవికే. చెక్కను అవసరానికి మించి వేగంగా తోస్తే మోటారు స్వరం దిగిపోతుంది. బ్లేడు మొద్దుబారితే కోత శబ్దం మారుతుంది. బేరింగ్ పోవడానికి సిద్ధంగా ఉంటే సన్నని కీచు మొదలవుతుంది. డ్రిల్ బిట్ పట్టు వదిలి, దాన్ని బిగించే చక్‌లో జారుతుంటే అదీ వినిపిస్తుంది. ఇవి కంటికి కనబడేదాకా ఆగితే చెక్క పాడవుతుంది, ఒక్కోసారి చెయ్యీ పోతుంది. చెవులను పూర్తిగా కప్పే ఇయర్‌మఫ్స్ పెట్టుకుంటే ఇవి వినబడవనుకోకండి. మొత్తం హోరు తగ్గుతుంది గానీ మోటారు స్వరంలో మార్పు తెలుస్తూనే ఉంటుంది. దాన్ని మింగేసేది పాటే.

ఇక ఇయర్‌బడ్స్. కార్మికుల ఆరోగ్యంపై పరిశోధించే అమెరికా సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 88 దగ్గర 4 గంటలు, 100 దగ్గర 15 నిమిషాలు. సర్క్యులర్ సా, చెక్కలో గాడులు తొలిచే రౌటర్, యాంగిల్ గ్రైండర్ సులువుగా ఆ 100 దరిదాపుల్లోకి వెళ్తాయి. మామూలు ఇయర్‌బడ్స్ పెట్టుకుని వీటి ముందు నిలబడితే, పాట వినబడాలని మనమే వాల్యూమ్ పెంచుతాం. అప్పుడు చెవికి రెండు దెబ్బలు. నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవి లోతుగా, ఒకే తీరున వచ్చే హోరును బాగానే తగ్గిస్తాయి గానీ రంపం కీచుదనం దగ్గర అంతగా పనిచేయవు. వైరు ఉన్న ఇయర్‌ఫోన్లయితే లేత్, డ్రిల్ ప్రెస్ దరిదాపుల్లోకి కూడా తేవద్దు. వేలాడే వైరు తిరిగే భాగానికి చుట్టుకోవడానికి క్షణం చాలు.

మెషీన్ మీద ఒకే రకం పని గంటల తరబడి ఉందనుకోండి, పాట లేకపోతే విసుగొస్తుందనుకోండి. అప్పుడు బ్లూటూత్ లేదా రేడియో ఉన్న రక్షణ ఇయర్‌మఫ్స్ తీసుకోండి. లోపల వచ్చే పాటను 82 డెసిబెల్స్ దగ్గర ఆపేసేవి దొరుకుతాయి. శాండింగ్ మెషీన్‌తో పెద్ద బల్ల నున్నగా చేయడం లాంటి పనికి నేను వాటిని ఒప్పుకుంటాను. కోతకు మాత్రం ఒప్పుకోను.

ఇక ఏం వినాలి? నా ఉద్దేశంలో పాటలా, రేడియోనా అనేదానికంటే మాటలా, వాయిద్యమా అనేదే అసలు తేడా. చేత్తో శాండ్‌పేపర్ రుద్దడం, పాలిష్ పట్టడం, పనిముట్లకు పదును పెట్టడం లాంటి వాటికి కబుర్లు, నాటకాలు, ఇంటర్వ్యూలు ఎన్నయినా వినొచ్చు. చేతులు వాటంతట అవి నడుస్తుంటాయి, బుర్ర ఖాళీగా ఉంటుంది. క్యూబా చుట్టల ఫ్యాక్టరీలు ఈ సంగతి 1865 నుంచే పట్టుకున్నాయి. కార్మికులు పొగాకు చుడుతుంటే ఒక మనిషి ఎత్తయిన పీఠం మీద కూర్చుని వార్తాపత్రికలు, నవలలు చదివి వినిపించేవాడు. రేడియో వచ్చాక కూడా ఆ ఉద్యోగం అక్కడ పోలేదు.

కొలతల దగ్గర ఇది పూర్తిగా తిరగబడుతుంది. టేపు చూసి నాలుగు వందల ముప్పై ఏడు అని లోలోపల అనుకుంటూ చెక్క దగ్గరకు వెళ్తున్నప్పుడు రేడియోలో ఎవరో స్కోరు చెబితే మన అంకె గల్లంతే. మనకు అర్థమయ్యే భాషలో పాటైనా ఇదే తంతు. అందుకని గీతలు గీసేటప్పుడు, జాయింట్లు సరిచూసేటప్పుడు ఏమీ పెట్టను. ఉలి పనికి, చిత్రిక పట్టడానికి వాయిద్య సంగీతం హాయిగా ఉంటుంది. 1940లో బీబీసీ ఫ్యాక్టరీ కార్మికుల కోసం 'మ్యూజిక్ వైల్ యూ వర్క్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది, 1967 దాకా నడిచింది. అందులో ఎక్కువగా వినిపించింది వాయిద్యాలే. శబ్దం ఒక్కసారిగా పెరగడం, తగ్గడం లేకుండా మెషీన్ల హోరులోనూ వినబడేలా చూసుకునేవారు. యుద్ధకాలంలో చప్పట్లు కొట్టించే ఒక పాటను పని వేళల్లో వేయడం మానేశారు కూడా. జనం చప్పట్లకు బదులు స్పానర్లతో మెషీన్లను బాదుతారని వాళ్ల భయం! సుత్తి చేతిలో ఉన్నప్పుడు నాకూ ఆ భయం సబబే అనిపిస్తుంది.

ఫోన్ కంటే రేడియోకే నా ఓటు. జిగురు చేతులతో ఫోన్ స్క్రీన్ నడవదు. పాట నచ్చక మార్చబోతే మెసేజ్ కనబడుతుంది, అది చదివేలోపు పూసిన జిగురు ఆరిపోతుంది. రేడియోకు ఒక్క నాబ్ చాలు, చేతికి పొట్టు అంటినా తిరుగుతుంది. దాన్ని మెషీన్ స్విచ్ పక్కనే పెట్టుకోండి. ఇది తగ్గించి అది వేయడం అలవాటైపోతుంది.

గరగర సంగతి. డ్రిల్లింగ్ మెషీన్, గ్రైండర్ లాంటి చేతి పనిముట్లలో చాలావాటికి కార్బన్ బ్రష్‌లుండే (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) మోటార్లు ఉంటాయి. బ్రష్ దగ్గర పుట్టే నిప్పురవ్వలు రేడియో తరంగాలను కూడా వెదజల్లుతాయి. మీడియం వేవ్‌లో కార్యక్రమం తరంగం ఎత్తుపల్లాల్లోనే ఉంటుంది కాబట్టి ఈ గోల నేరుగా కలిసిపోతుంది. ఎఫ్ఎంలో ఫ్రీక్వెన్సీ మార్పుల్లో ఉంటుంది కాబట్టి, సిగ్నల్ బలంగా ఉంటే చాలావరకు తప్పించుకుంటుంది. ముందుగా రేడియోను ప్లగ్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. గరగర తగ్గితే అది కరెంటు వైర్ల గుండా వస్తున్నట్టు. తగ్గకపోతే గాల్లోంచి వస్తున్నట్టు. మీడియం వేవ్ అయితే రేడియోను మెల్లగా పక్కకు తిప్పండి. లోపల యాంటెన్నాగా ఉండే ఫెర్రైట్ కడ్డీ అన్ని దిక్కుల నుంచీ ఒకేలా అందుకోదు, గోల సన్నగిల్లే కోణం ఒకటి దొరుకుతుంది. ఎఫ్ఎం అయితే యాంటెన్నాను సుమారు 75 సెంటీమీటర్ల దాకా లాగి, కిటికీ దగ్గర పెట్టండి. రేకుల షెడ్డులో ఇది తప్పనిసరి, రేకు సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. రేడియోకు మోనో స్విచ్ (స్టీరియో ఆపేసేది) ఉంటే అటు వేయండి, బలహీనమైన స్టేషన్‌లో వచ్చే బుస బాగా తగ్గుతుంది.

మెషీన్లన్నీ ఆపినా గరగర పోకపోతే చవక ఎల్ఈడీ లైట్లనూ ఫోన్ ఛార్జర్లనూ అనుమానించండి. ఒక్కొక్కటిగా ఆర్పుతూ పోతే దొంగ దొరుకుతాడు. ఇదివరకు బాగున్న పనిముట్టు ఉన్నట్టుండి ఎక్కువ గోల చేస్తుంటే దాని బ్రష్‌లు అరిగాయేమో చూడండి.

రేడియోను గ్రైండర్‌కు దూరంగా, ఎత్తులో ఉంచండి. స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఇనుప రజను అక్కడికే చేరుతుంది, ఒకసారి లోపలికి పోతే దులపడం కష్టం. కొత్తది కొనేటట్టయితే ఐపీ రేటింగ్‌లో మొదటి అంకె 6 ఉందో లేదో చూడండి. దుమ్ము లోపలికి దూరదని దాని అర్థం. రెండో అంకె నీటికి సంబంధించింది, మనకు పెద్దగా పనిలేదు.

చెవులు మూసుకుని పనిచేసేటప్పుడు ఇంట్లోవాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి: వెనక నుంచి వచ్చి భుజం తట్టకూడదు, నాకు కనబడేచోట నిలబడి మెషీన్ ఆగేదాకా ఆగాలి. కొందరు లైటు ఆర్పి వెలిగించి పిలవమంటారు. బ్లేడు తిరుగుతుండగా చీకటి పడటం నాకైతే అస్సలు నచ్చదు, మీరూ ఆ పద్ధతి పెట్టుకోకండి.