లెక్కింపు మర్నాటి సంగతి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. రాబోయే కార్పొరేషన్ ఎన్నికల్లో మీ డివిజన్ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడాలని నిశ్చయించుకున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. దాని గొంతు వణుకుతుంటే ధైర్యం చెప్పి ఫోను పెట్టేశాను గానీ, రాత్రంతా నాకూ నిద్ర పట్టలేదు. ఇరవై అయిదేళ్లు ఈ హైదరాబాద్‌లో బస్తీ మహిళల సంఘంలో తిరిగినదాన్ని కనుక, మన ఇంటి ఆడపిల్ల ఆ గడపల ముందుకే వెళ్తానంటే గర్వంతో గుండె నిండిపోయింది. ఆ గడపల దగ్గర నేను చేసిన తప్పు కూడా గుర్తుకు వచ్చింది. ఈ ఉత్తరం ముఖ్యంగా దాని కోసమే వ్రాస్తున్నాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. నీకు ఇరవై ఒకటి నిండాయి కాబట్టి వయసు అడ్డు కాదు. డివిజన్ల హద్దులు మారుతూ ఉంటాయి గనుక, నువ్వు తిరిగే వీధులు ఏ డివిజన్‌లోకి వస్తాయో పటం ముందు పెట్టుకుని సరిచూసుకో. నామినేషన్ పత్రాన్ని, ప్రమాణ పత్రాన్ని వకీలు చేత ఒకసారి చదివించు. ఖర్చు లెక్క ఏ రోజుది ఆ రోజే వ్రాయించు. ఫలితం వచ్చాక ఆ లెక్క గడువులోగా అప్పగించకపోతే కొన్నేళ్ల పాటు మళ్లీ పోటీ చేసే అర్హతే పోతుంది.

ఓటరు జాబితా సంగతి మాత్రం ఇంత తేలికగా వదిలేది కాదు. 2018 శాసనసభ ఎన్నికల రోజున పేరు లేదని పోలింగు కేంద్రాల నుంచి వెనక్కి తిరిగిన మనుషులను నా కళ్లతో చూశాను. వారిలో ముప్పై ఏళ్లుగా అదే వీధిలో ఉంటున్న ముసలివాళ్లున్నారు. మనకు ఓటు వేసే అద్దె ఇళ్లవాళ్లు, కూలి పనులకు ఇళ్లు మారే కుటుంబాలు జాబితా నుంచి అందరికంటే ముందు జారిపోతారు. కరపత్రం అచ్చు వేయించే ముందే జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరుగు. ఇక్కడ గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికల్లో 2009లో 42 శాతం, 2016లో 45 శాతం, 2020లో 46 శాతం పైచిలుకు మంది మాత్రమే ఓటు వేశారు. సగానికి పైగా జనం ఇంట్లోనే ఉండిపోయే ఎన్నికల్లో, జాబితాలో లేని పేరును చేర్పించి ఆ మనిషిని కేంద్రం దాకా నడిపించడం ఏ ఉపన్యాసానికీ తీసిపోదు.

ఇంకొకటి, కార్పొరేటరు చేతిలో లేనిదాన్ని ఇస్తానని ఎక్కడా అనకు. మంచినీళ్లు 1989లో ఏర్పడిన జలమండలివి, కరెంటుకు వేరే సంస్థ ఉంది, రేషను కార్డు మరో శాఖది. వీధి దీపాలు, మోరీలు, చెత్త ఎత్తడం, గల్లీ రోడ్లు, పార్కులు కార్పొరేషన్ పని. నీళ్ల కోసం జలమండలి దాకా బస్తీవాళ్లతో పాటు నడుస్తానని చెప్పు, అది నిజమైన మాట. 2020 అక్టోబరు వరదల తరువాత ఇంటికి 10 వేల రూపాయల సాయం పంచుతుండగా ఎన్నికల నియమావళి వచ్చి నవంబరులో మధ్యలో ఆగిపోయింది. మీసేవ కేంద్రాల ముందు వరుసలు కట్టిన ఆడవాళ్లు వట్టి చేతులతో ఇళ్లకు పోయారు. వాళ్లు నిన్ను ఆ డబ్బు గురించి అడుగుతారు. తెచ్చిపెడతానని అనకు.

మీరు కరపత్రంలో వ్రాయబోయే పెద్ద మాటలకు నేను అడ్డు చెప్పను. సమానత్వం అనే మాటను నా తరం గొంతు చించుకుని అరిచింది, మీ తరమూ అనాలి. కానీ ఆ మాట గల్లీలోకి దిగాలి. వీధి వ్యాపారుల చట్టం 2014 నుంచి అమలులో ఉంది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు బండ్లవాళ్లే ఉండాలనీ, వారిలో మూడో వంతు ఆడవాళ్లుండాలనీ అది చెప్తోంది. మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణంలో వ్రాసి ఉంది. ఈ రెండూ నీ డివిజన్‌లో నిజంగా కూర్చుని మాట్లాడే సభలయితే, పూలు అమ్మే ఆమె కమిషనరు ఎదుట కుర్చీలో కూర్చుంటుంది. పదవి కంటే ముందు నువ్వు పోరాడవలసిన చోటు అదేనని నా నమ్మకం. 1991 నుంచి 2002 దాకా ఈ నగరానికి ఎన్నికైన కౌన్సిలే లేదు. మురుగు నాలా పూడిక తీయించడానికి కూడా అధికారి దయ కోసం గుమ్మం ముందు నిలబడిన రోజులవి. అందుకే కౌన్సిలు వల్ల ఏమవుతుందని ఎవరైనా పెదవి విరిస్తే నాకు కోపం వస్తుంది.

ఇప్పుడు నా తప్పు సంగతి. 2009 నవంబరులో మా సంఘం ఒక అభ్యర్థిని నిలబెట్టింది. మూసీ ఒడ్డున ఉన్న ఒక బస్తీలో నేనే ప్రచారం నడిపాను. పార్టీ లేదు, డబ్బు లేదు, కూర్చోవడానికి నీడ కూడా లేదు. మిషను కుట్టుకుని బతికే ఒకామె, ఒక్క గదిలో అద్దెకుంటూనే, మా ఇంట్లో కూర్చోండి టీచరమ్మా అని పిలిచింది. మేము సంతోషంగా వెళ్లి కూర్చున్నాము. ఆమె గుమ్మానికి మా జెండా కట్టాము, గోడకు మా గుర్తు అంటించాము. ఆమె మిషను మూలకు జరిపి మా కరపత్రాలకు చోటు చేసింది. ఇరవై రోజులు ఆమె పని దాదాపుగా ఆగిపోయింది. సభలో ఆమె చేత మాట్లాడించాను కూడా. మురుగు నాలా పని చేయించకుండా బిల్లు తిన్నారని ఆమె పేరు పెట్టి ఒక మనిషిని అడిగింది. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినదాన్ని నేనే.

ఆ గది యజమాని అవతలి అభ్యర్థి వెంట తిరిగేవాడని నాకు తెలుసు. తెలిసీ, ఆమెకు లేని భయం నాకెందుకని అనుకున్నాను. ఆమె ధైర్యాన్ని మా ఆస్తిలాగా వాడుకున్నాను. దాని ఖరీదు ఎవరు కడతారని ఒక్క రాత్రయినా ఆలోచించలేదు.

మేము ఓడిపోయాము. ఆ బస్తీలో మా పుస్తకంలో వ్రాసుకున్న పేర్లలో సగం ఓట్లయినా మాకు రాలేదు. లెక్కింపు అయిన సాయంత్రమే నేను బస్సెక్కి మీ ఇంటికి వచ్చేశాను. నీకప్పుడు ఆరేళ్లు. నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం తినిపిస్తూ, ఓటమి మరిచిపోవడానికి పది రోజులు అక్కడే ఉన్నాను. ఆ పది రోజుల్లోనే యజమాని ఆమెను గది ఖాళీ చేయమన్నాడు. ఆమె రెండు సార్లు మా ఇంటికి వచ్చి, తాళం చూసి వెళ్లిపోయిందని పక్కింటివాళ్లు తరువాత చెప్పారు. నేను తిరిగి వచ్చి బస్తీకి వెళ్లేసరికి ఆ గదిలో వేరే కుటుంబం ఉంది. గోడ మీద మా గుర్తును సున్నంతో కొట్టేశారు.

నాలుగు నెలలు వెతికితే, నగరం అవతలి చివర కనపడింది. మిషను అమ్మేసింది. కొడుకు బడి ఆ సంవత్సరం మధ్యలోనే ఆగిపోయింది. నన్ను తిడుతుందని, తిట్టాలని కోరుకుంటూ వెళ్లాను. ఆమె చాప పరిచి, "మీరు ఊళ్లో లేరని తెలిసింది టీచరమ్మా" అన్నది, అంతే. సంఘం డబ్బు పోగుచేసి మిషను కొనిపెట్టింది, పిల్లవాడిని జూన్‌లో మళ్లీ బడిలో వేశాము. పోయిన సంవత్సరాన్ని మాత్రం వాడికి తెచ్చి ఇవ్వలేకపోయాము.

కాబట్టి నిన్ను గట్టిగా అడుగుతున్నాను, కోపం వచ్చినా సరే జవాబు చెప్పు. నీ ఎన్నికల కార్యాలయం ఎవరి ఇంట్లో పెట్టబోతున్నావు? ఎవరో ఒక అక్క ఇస్తానన్నదని మీ అమ్మ చెప్పింది. వద్దు. నీ పేరు మీద ఒప్పందం వ్రాసుకుని, నీ డబ్బుతో గది అద్దెకు తీసుకో, ఫలితం తరువాత కనీసం మూడు నెలల దాకా. అద్దె ఇళ్లలో ఉండే ఆడవాళ్ల ఫొటోలు కరపత్రం మీద వేయకు, వాళ్లు సరేనన్నా వేయకు. కార్పొరేషన్‌లో ఒప్పందం మీద పని చేసే పారిశుద్ధ్య కార్మికులను నీ పక్కన నడిపించి వీడియోలు తీయవద్దు. మర్నాడు ఉదయం హాజరు పట్టిక దగ్గర వాళ్లే నిలబడాలి, నువ్వు కాదు. పోలింగు ఏజెంట్లుగా ఎవరిని కూర్చోబెట్టినా, వాళ్ల ఇంటికి బెదిరింపు వస్తే రాత్రి పూటైనా ఫోను ఎత్తే వకీళ్లు ఇద్దరు ఉన్నారని ముందే తేల్చుకో. గెలిచినా ఓడినా, లెక్కింపు మర్నాడు పొద్దున ఎనిమిది గంటలకు అదే గది తలుపు నువ్వే తీయాలి. అలసట తీర్చుకోవడానికి మా ఇంటికి రావద్దు. వస్తే తలుపు తీయను.

ఈ మాట వ్రాస్తుంటే నాకే బాధగా ఉంది, ఎందుకంటే నిన్ను చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. నిన్ను ఎవరైనా రోడ్డు మీద నానా మాటలూ అంటారేమోనని, రాత్రి ప్రచారం ముగించుకుని ఒంటరిగా వస్తావేమోనని నాకు మీ అమ్మకంటే ఎక్కువ భయం. సగం స్థానాలు ఆడవాళ్లకు కేటాయించినా, గెలిచిన భార్య తరఫున భర్త మాట్లాడే డివిజన్లు ఎన్నో చూశాను. నీ తరఫున నీ తమ్ముడిని కూడా మాట్లాడనివ్వకు. మైకు నీ చేతిలోనే ఉండాలి. మధ్యాహ్నం అన్నం మానేసి తిరగకు, చిన్నప్పటి నుంచీ నీకు ఆకలికి తలనొప్పి వస్తుంది.

నా మోకాళ్లు మెట్లెక్కనివ్వడం లేదు గానీ కళ్లు బాగానే పని చేస్తున్నాయి. మీ డివిజన్‌లో రెండు పోలింగు కేంద్రాల ఓటరు జాబితా నకళ్లు నాకు పంపించు. చనిపోయినవాళ్లవీ, రెండు సార్లు పడినవీ, ఇంటి నంబరు తప్పు పడినవీ వేరు చేసి, ఇంటివారీగా వ్రాసి పంపుతాను. దానితో పాటు ఆ గది సంగతి ఏమి చేశావో రెండు ముక్కలు వ్రాయి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ