పిల్లని బడిలో వేసే ముందు ఎవర్ని అడగాలి

చి.ల.సౌ. అమ్మలుకి దొడ్డమ్మ ఆశీస్సులు.

నీ ఫోను పెట్టేసిన దగ్గర్నుంచి అదే ఆలోచన. ఫోనులో సగం మాటలు నోట్లోనే ఉండిపోయాయి, అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను. చిన్నదాన్ని జూన్‌లో ఆరో తరగతికి మీ ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో వేద్దామనుకుంటున్నావు. ఎదురింటావిడ "అయ్యో, అక్కడ చదువే ఉండదు" అందట. ఆవిడ కొడుకేమో "మా స్కూల్ సూపర్ ఆంటీ" అన్నాడట. అది తను చదివిన బడే కాబట్టి మీ ఆయన ఇంకో మాట లేకుండా వేసేయమంటున్నాడు. వీధి చివరింట్లో తొమ్మిదో తరగతి అమ్మాయి మాత్రం ఏమీ చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయిందట. "ఎవరి మాట నమ్మాలి దొడ్డమ్మా?" అన్నావు.

నలుగురి మాటా నమ్ము. ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. ఎవరు చూసిన బడి గురించి వాళ్ళు చెప్పారు. తల్లిదండ్రులు గేటు దగ్గర్నుంచి ఆఫీసు రూము దాకా ఉన్న బడిని చూస్తారు. పిల్లలు బెంచీ దగ్గర్నుంచి బాత్రూము దాకా ఉన్న బడిని చూస్తారు. 1989లో ఉద్యోగంలో చేరి 2023లో రిటైరయ్యేదాకా నేను ఈ రెండు బళ్ళ మధ్యే తిరిగాను. ఈ రెండూ ఒకటి కావని నాకు తెలిసేసరికి సర్వీసు చివరికొచ్చేసింది. ఎలా తెలిసిందో చెప్తాను, విను.

2021 సంగతి. అప్పుడు నేను ఒక హైస్కూల్లో హెచ్.ఎం.ని. సర్కారు బళ్ళని బాగుచేసే నాడు-నేడు పథకం మొదటి విడతలో మా బడి ఉంది. కరోనా సెలవులు అయ్యి పిల్లలు తిరిగొచ్చేసరికి పనులన్నీ పూర్తయ్యాయి. ఆడపిల్లల బాత్రూముల్లో తెల్లటి టైల్స్, తిప్పగానే నీళ్ళొచ్చే కుళాయిలు, గోడలకి రంగులు. తల్లులొస్తే ముందు అక్కడికే తీసుకెళ్ళేదాన్ని. ఒకామె కుళాయి తిప్పి, కట్టి, మళ్ళీ తిప్పి చూసింది. "మా ఇంట్లో కూడా ఇలా లేదు మేడమ్" అంది. నాకెంత గర్వంగా అనిపించిందో. టైల్స్ పగలగొడతారనీ, కుళాయిలు ఊడబెరుకుతారనీ భయపడి తలుపుకి తాళం వేయించాను. తాళంచెవి ఆఫీసులో అటెండరు కుర్చీ వెనక మేకుకి ఉండేది.

కొన్ని వారాల తర్వాత ఒకరోజు ప్రేయర్‌లో ఎనిమిదో తరగతి పిల్ల కళ్ళు తిరిగి పడిపోయింది. నీడలోకి తెచ్చి కూర్చోబెట్టి, "పొద్దున ఏమీ తినలేదా?" అన్నాను. తిన్నానంది. గ్లాసుతో నీళ్ళిస్తే పెదాలు తడుపుకుని తిరిగిచ్చేసింది. పక్కనున్న స్నేహితురాలు మెల్లగా అంది: "అది బళ్ళో నీళ్ళు తాగదు మేడమ్. మేమెవ్వరం తాగం." ఎందుకని అడిగితే ఎవ్వరూ మాట్లాడలేదు. నాలుగుసార్లు అడిగాక ఆ పిల్లే చెప్పింది. తాళంచెవి కావాలంటే అటెండర్ని అడగాలి. అడిగేటప్పుడు వరండాలో మగపిల్లలుంటారు. తాళంచెవి పట్టుకుని బాత్రూము వైపు నడుస్తుంటే నవ్వుతారు. అందుకని నీళ్ళు తాగడం మానేశారు. తొమ్మిదింటి నుంచి సాయంత్రం దాకా, గోదావరి జిల్లా ఎండల్లో.

"ఇంట్లో చెప్పలేదా?" అన్నాను. "ఇంట్లో మార్కులే అడుగుతారు మేడమ్" అంది.

ఆ మధ్యాహ్నమే తాళం తీయించేశాను. కానీ అన్నాళ్ళు ఆ పిల్లల్ని అలా ఉంచింది నేనే. ఆ టైల్స్ చూసి మురిసిపోయిన తల్లుల కూతుళ్ళే ఆ పిల్లలు. తల్లులు చూసింది అబద్ధం కాదు, పిల్లలు పడిందీ అబద్ధం కాదు.

అందుకే చెప్తున్నాను, నీ నలుగురిలో నీకు అసలు సంగతి తెలియాల్సింది లోపలికి వెళ్ళిపోయిన ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి దగ్గర. స్కూలు గురించి అడగొద్దు. పిల్లల్ని "స్కూల్ ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అంటారు, అంతే. ఏ పూటైనా మీ ఇంటికి పిలిచి, చిన్నదాని పక్కన కూర్చోబెట్టి, తినడానికి ఏదైనా పెట్టు. నీళ్ళ బాటిల్ సాయంత్రానికి ఖాళీ అవుతుందా, నిండుగానే తిరిగొస్తుందా అని మాటల్లో అడుగు. భోజనానికి ఎవరితో కూర్చుంటుందో, గుడ్డు తింటుందో దాచుకుని ఇంటికి తెస్తుందో అడుగు. నిన్న ఆఖరి పీరియడ్ ఎవరొచ్చారు? పి.ఇ.టి. సారు ఆడపిల్లల్ని ఆటకి పిలుస్తారా, లేక ఆ పీరియడ్‌లో లెక్కలు చేయిస్తారా? అర్థం కాకపోతే ఎవర్ని అడుగుతావు? ఈ ఆఖరి ప్రశ్నకి టీచరు పేరు చెప్తే ఆ బళ్ళో నీ కూతురుకి దిక్కుందని అర్థం. ట్యూషన్ పేరు చెప్తే అదీ గుర్తుపెట్టుకో.

ఎదురింటి అబ్బాయి సూపర్ అన్నది కూడా నిజమే. వాడికి క్రికెట్ టీము ఉండొచ్చు, వాణ్ణి పేరు పెట్టి పిలిచే సారు ఒకాయన ఉండొచ్చు. పదకొండేళ్ళ పిల్లాడికి అది చిన్న విషయం కాదు. కానీ ఒకసారి వాడి పుస్తకం చేతిలోకి తీసుకుని చూడు. మన పుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లో ఉంటున్నాయి కదా, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. సైన్సు పుస్తకం తెరిచి ఏ వైపు పేజీలు నలిగాయో చూడు. తెలుగు వైపు వేలిముద్రలు పడి, ఇంగ్లీషు వైపు కొత్తగా ఉంటే, వాడు పాఠం తెలుగులో అర్థం చేసుకుని పరీక్షకి ఇంగ్లీషు బట్టీ పడుతున్నాడని తెలిసిపోతుంది. ఇంగ్లీషు మీడియం అని తల్లి సంతోషంగా ఉంటుంది. ఆ రెండు పేజీల మధ్య పిల్లాడి టెన్షన్ ఆమెకి కనపడదు. దీనికి భయపడి బడి మానిపించాల్సిన పనిలేదు. చిన్నదాన్ని ముందు తెలుగు పేజీ చదవమను, తర్వాత అదే సంగతి ఇంగ్లీషు పేజీలో వెతకమను. రోజుకి ఒక్క పేరా చాలు. దసరా సెలవుల నాటికి నీకే తేడా తెలుస్తుంది.

ఇక పెద్దవాళ్ళు. ఎదురింటావిడ మాట కొట్టిపారేయకు. చదువు లేదని ఎందుకంటోందో తెలుసుకో. లెక్కల సారు లేక ఒక ఏడాది గడిచిపోయిందేమో. పోస్టు ఖాళీగా ఉంటే పిల్లాడికి అది ఖాళీ పీరియడ్, ఆనందమే. తల్లికి మాత్రం అది పోయిన ఏడాది. ఈ విషయంలో పిల్లల కన్నా పెద్దవాళ్ళ మాటే నిజం. హెచ్.ఎం.ని నేరుగా అడుగు, ఏ సబ్జెక్టు పోస్టులు ఖాళీ అని. అడగడం తప్పు కాదు. టీచర్లకి ఒక బళ్ళో 8 ఏళ్ళు, హెచ్.ఎం.కి 5 ఏళ్ళు నిండితే బదిలీ తప్పనిసరి. కాబట్టి ఇప్పుడు అందరూ పొగిడే లెక్కల టీచరుకి ఎన్నేళ్ళయిందో కూడా కనుక్కో. మీ ఆయన చెప్పే మాస్టార్లు ఎవ్వరూ ఇప్పుడక్కడ లేరు. ఆయన జ్ఞాపకం పాతికేళ్ళ కిందటి బడిది. ఆ బడి మీద ప్రేమ ఉంటే మంచిదే, ఒక ఆదివారం వెళ్ళి చెట్లకి పాదులు తీయమను.

ఒక్క తల్లిని అడిగి ఊరుకోకు. కూలికి వెళ్ళే తండ్రినొకణ్ణి అడుగు, ఉద్యోగం చేసే తండ్రినొకణ్ణి అడుగు. ఇద్దరికీ ఒకటే ప్రశ్న వెయ్యి: "మీరు స్కూలుకి వెళ్తే ఎక్కడ కూర్చోబెట్టారు?" ఉద్యోగికి కుర్చీ వేసి, కూలీని గేటు దగ్గర నిలబెట్టిన బళ్ళో వాళ్ళ పిల్లలకి కూడా అదే జరుగుతుంది. ఇది నేను చాలా బళ్ళలో చూశాను. నా స్టాఫ్‌రూములో కూడా చూశాను. మందలించాను, మార్పించగలిగినంత మార్పించాను, పూర్తిగా మాత్రం కాలేదు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు కదా, మనవడి తరఫున నేను వెళ్ళాను. జీవితమంతా టేబులుకి అవతల కూర్చున్నదాన్ని, మొదటిసారి ఇవతల కూర్చున్నాను. వాకిట్లో తల్లులు వేసిన ముగ్గులు, లోపల సందడి, అంతా బాగుంది. కానీ ప్రోగ్రెస్ కార్డు నా చేతికిచ్చి ఆ టీచరమ్మాయి మాట్లాడిన రెండు నిమిషాల్లో నాకు గొంతు తడారిపోయింది. నేనే టీచర్ని, నాకే అడగాల్సినవి గుర్తు రాలేదు. మరి వేలిముద్ర వేసే తల్లి ఎలా అడుగుతుంది? నువ్వు వెళ్ళేటప్పుడు రెండే రెండు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళు. చిన్నదాని ముందే అడుగు. నీ వెనకాల దాని గురించి మాట్లాడుకున్నారని దానికి అనిపించకూడదు.

ఒక్క మాట నువ్వు మాత్రం ఎప్పుడూ అనొద్దు. "చర్మం ఒలిచైనా సరే చదువు చెప్పండి మాస్టారూ" అని మన పెద్దవాళ్ళు అనేవారు, ఇప్పటికీ కొందరు తండ్రులు అంటున్నారు. ప్రేమతోనే అంటారు. కానీ పక్కనే నిలబడ్డ పిల్లకి అది, ఇక ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరని వినిపిస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మాటలతో హింసించడాన్నీ నిషేధించింది. మొదటిరోజే మర్యాదగా చెప్పు, "మా పిల్లని కొట్టొద్దండి, తప్పు చేస్తే నాకు ఫోన్ చేయండి" అని.

అదే చట్టం ప్రకారం బడి నిర్వహణ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. చాలా ఊళ్ళలో కమిటీ రిజిస్టరు ఇంటికే వస్తుంది, అత్తగారో భర్తో పిలిస్తే సభ్యురాలైన ఆమె వచ్చి సంతకం పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఎన్నిక వచ్చినప్పుడు నువ్వు నిలబడు. మీటింగుకి వెళ్ళే ముందు నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని మాట్లాడు. వాళ్ళు చెప్పింది ఎవరి పేరూ తీయకుండా అక్కడ పెట్టు. బాత్రూము తాళం సంగతి నాకు ముందే ఎవరైనా తల్లి చెప్పి ఉంటే ఆ పిల్ల పడిపోయేది కాదు.

బళ్ళో చేరాక ఏదో ఒకరోజు చిన్నది ఏడుస్తూ వస్తుంది, "సారు అందరి ముందు తిట్టారు" అని. వెంటనే చెప్పులేసుకుని బయల్దేరకు. "నువ్వేం చేశావో?" అని కూడా అనకు. అన్నం పెట్టు, మొత్తం చెప్పనివ్వు, మధ్యలో మాట్లాడకు. నేను వచ్చి అడగనా అని దాన్నే అడుగు. వద్దంటే రెండు రోజులు ఆగి చూడు. వెళ్తే ముందు క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్ళు, హెచ్.ఎం. దగ్గరికి తర్వాత. ఆ సారు చెప్పేది కూడా విను, నలభై మంది పిల్లల మధ్య ఆయన చూసింది ఇంకోలా ఉంటుంది. అయితే ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేశారని పిల్ల ఏ కొంచెం చెప్పినా ఇవేవీ పనికిరావు. ఆ పూటే వెళ్ళు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి, పరువు సంగతి ఎవరు ఎత్తినా వినకు.

డబ్బుల విషయాలు మీ ఆయనకి చెప్పు. ఎనిమిదిలో ఎన్.ఎం.ఎం.ఎస్. అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. ఇంటి ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉండి పిల్ల పాసై ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటరు దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ప్రైవేటు బడి పిల్లలకి ఆ అవకాశం లేదు. నూజివీడు, ఇడుపులపాయ లాంటి ట్రిపుల్ ఐటీల్లో సీట్లకి కూడా మన సర్కారు బడి పిల్లల పదో తరగతి మార్కులకి 4 శాతం కలుపుతారు.

బడి చూడటానికి మార్చి 15 లోపు వెళ్ళు. ఒంటిపూట బడులు మొదలైతే అసలు రూపం కనపడదు. పొద్దున ప్రేయర్‌కి వెళ్ళకు, అప్పుడు అన్ని బళ్ళూ బాగానే ఉంటాయి. మధ్యాహ్నం భోజనాల బెల్లుకి వెళ్ళి, తర్వాతి పీరియడ్ అయ్యేదాకా ఉండు. చిన్నదాన్ని తీసుకెళ్ళు. నువ్వు హెచ్.ఎం.తో మాట్లాడుతుండగా దాన్ని ఆరో తరగతి పిల్లలతో వదిలెయ్యి. ఇంటికొచ్చాక ముందు నువ్వు ఏమీ చెప్పొద్దు, దాన్ని చెప్పమను. తర్వాత నువ్వు చూసింది చెప్పు. ఆ రాత్రి నాకు ఫోన్ చేస్తే ఇద్దరి మాటా విడివిడిగా వింటాను.

యూనిఫాం బట్ట, బ్యాగు, బూట్లు ముందే కొనేయకు, సర్కారు బళ్ళో ఇచ్చే కిట్టులో వస్తాయి. టి.సి. తీసుకునేటప్పుడు దాని పేరు స్పెల్లింగు ఆధార్‌లో ఎలా ఉందో టి.సి.లోనూ అలాగే ఉందో లేదో అక్కడే నిలబడి చూసుకో. వేసవి సెలవుల్లో రెండు వారాలు నా దగ్గరికి పంపు, భిన్నాలు చెప్పి పంపిస్తాను. పెరట్లో మామిడి ఈసారి బాగా కాసింది.

ఉంటాను,
దొడ్డమ్మ